గడ్డివాము వేసినవాడు మాత్రం కూలీయేనా?

యాసంగి కోతలు మొదలైతే చాలు, గడ్డి కట్టల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న పెళ్లిజంటల ఫొటోలు ఫోను నిండా వచ్చిపడతాయి. కింద "పల్లె అందాలు" అని రాత. ఆ కట్టలు బేలర్ అనే గడ్డి చుట్టే యంత్రం చుట్టి పడేసినవి. పక్క మడిలో కొయ్యకాళ్లు తగలబడుతుంటాయి, ఆ పొగను మాత్రం ఫొటోలోకి రానివ్వరు.

ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890-91లో తన ఇంటి పక్క పొలంలోని గోధుమ కుప్పలను ఎండలో, మంచులో, పొద్దుగూకేవేళ దాదాపు పాతిక బొమ్మలుగా గీశాడు. అందులో ఒకటి 2019లో 11 కోట్ల డాలర్ల పైచిలుకు పలికింది. గొప్ప బొమ్మలే, కాదనను. నాకైతే 1565లో నెదర్లాండ్స్ చిత్రకారుడు బ్రూగెల్ గీసిన గడ్డికోత బొమ్మ ఎక్కువ ఇష్టం. అందులో ఓ మూల ఒకాయన కొడవలికి పదును పెడుతుంటాడు. ముగ్గురు ఆడవాళ్లు గడ్డి పోగుచేసే పళ్ల కర్రలు భుజాన వేసుకుని పోతుంటారు. పని, పనిచేసే మనిషి కళ్లకు కడతారు.

వరంగల్ వైపు పాకాల చెరువు ఆయకట్టులో మా పెద్దబాపు గడ్డివాము వేస్తుంటే చూడాలి. చెదలు పట్టకుండా ముందు రాళ్లు, మొద్దులు పరిచేవాడు. కింద నుంచి ఇద్దరు కట్టలు విసురుతుంటే పైన అందుకుని, మొదళ్లు బయటికి, కొనలు లోపలికి వచ్చేలా తొక్కుతూ పేర్చేవాడు. నడిమి ఎప్పుడూ అంచుకన్నా ఎత్తుగా ఉండాలి. అప్పుడే ప్రతి పరకా బయటికి వాలి, వాన నీళ్లు లోపలికి దిగకుండా జారిపోతాయి. పైకి పోనుపోను కుదించి, కొప్పు పెట్టి, గడ్డితో పేనిన తాళ్లు వేసి రాళ్లు వేలాడదీసేవాడు. దిగి దూరం నుంచి చూసి, ఒక పక్కకు ఒరిగిందనిపిస్తే మళ్లీ ఎక్కేవాడు. ముసురు రోజుల్లో చెయ్యి పెట్టి పీకినా పొడిగడ్డే వచ్చేది.

హార్వెస్టర్ నలిపి వదిలిన గడ్డికి మొదలేదో కొనేదో తెలియదు, వాలు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో పశువుల్లేవు, కూలీలు దొరకరు, నాట్లకు వేళవుతోంది. అగ్గిపుల్ల గీస్తున్నారు. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని ఉంటుంది. కాలిస్తే దాదాపు మొత్తం గాలిపాలే. ఆ తర్వాత యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి కాపలా కాస్తాం.

హార్వెస్టర్ వద్దని అనను. నడుము వంచి కోసిన ఆడవాళ్ల వేళ్లకు పడ్డ గాట్లు చూసినవాణ్ని. పాతకాలమే బంగారం అనేవాళ్లకు ఒక ఎకరం కోత అప్పజెప్పాలి. కానీ గుడ్డ మీద కథలు బొమ్మలుగా గీసే చేర్యాల నకాషీ పటం కళ, సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య గీసిన పల్లె కళ, అదే పల్లెలో వాము వేసినవాడు మాత్రం కూలీ. ఇదెక్కడి న్యాయం?

బొమ్మలు నేర్చుకునే పిల్లలకు, వీడియోలు తీసే తమ్ముళ్లకు ఒక మాట. చేతికోత కోసే చిన్న కమతాలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. వాము వేసే రోజు వెళ్లండి. డ్రోను వద్దు, కింద నిలబడి కట్టలు అందించండి. మూల ఎలా తిప్పుతున్నారో, కొప్పు దగ్గర తాడు ఎలా ముడివేస్తున్నారో అడిగి మరీ తీయండి. మీ వల్ల పని ఆగిన పూటకు కూలి డబ్బులు కూడా ఇచ్చి రండి.