కొండవాళ్లు వద్దంటే?

(శ్రీకాకుళం జిల్లాలో వంశధార కాలువ కింద సాగు చేసుకునే కుటుంబం. మావయ్య అల్యూమినియం ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మేనల్లుడు వకీలు. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) గని తవ్వడం మీద మాట వచ్చింది.)

మావయ్య: 12 ఊళ్లు, అవీ కొండమీది చిన్న చిన్న గూడేలు, వద్దన్నాయని 7 కోట్ల టన్నులకు పైగా బాక్సైట్ మట్టిలోనే ఉండిపోవాలా? దేశం ఎవరిదిరా?

మేనల్లుడు: ఆ 12 ఊళ్లని ఎంచింది ఆ కొండల గిరిజనులు డొంగరియా కోందులు కాదు మావయ్యా, ఒడిశా ప్రభుత్వం. వందకు పైగా ఊళ్లుంటే తనకు కావలసినవే తీసుకుంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభల మాట వినాల్సిందేనంది. జిల్లా జడ్జి ఎదురుగా సభలు పెట్టారు. 12కి 12 ఊళ్లూ వద్దన్నాయి!

మావయ్య: వాళ్ల దేవుడు నియమరాజు గుడి ఉన్న జాగా వదిలేసి పక్కన తవ్వితే సరిపోయేది కదా.

మేనల్లుడు: ఆ కొండే ఆయన. శిఖరం మీద చెట్టు కొట్టకూడదని వాళ్ల కట్టుబాటు. బాక్సైట్ ఉన్నదీ ఆ నెత్తి మీదే. నాకంటే నీకే బాగా తెలుసు, ఆ పొర వానని పీల్చుకుని ఎండల్లో కూడా ఊటగా వదుల్తుంది. మన వంశధార పుట్టేది ఆ కొండల్లోనే. మన వరి ఎవరి కాపలాలో పండుతోందో చూడు.

మావయ్య: నీళ్ల సంగతి కాదనను. కానీ పిల్లలకి జ్వరమొస్తే ఆసుపత్రి ఉండదు, బడి దూరం. గని వస్తే అవీ వస్తాయి.

మేనల్లుడు: మనూరి ఆసుపత్రికి మనం పొలం రాసిచ్చామా? వాళ్లనెందుకు కొండ అడగాలి? పసుపు, అల్లం, అనాస సంతకి దించుతారు, చోళ్లు, సామలు తింటారు. వాళ్ల కుర్రాడు కిందికొచ్చి చదువుకుంటానంటే చదువుకుంటాడు. తిరిగి వెళ్దామనుకుంటే మాత్రం కొండ ఉండాలి.

మావయ్య: ప్రతి కొండకీ ఓ దేవుడుంటే?

మేనల్లుడు: ప్రతి కొండ దగ్గరా అడుగు. 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది అందుకే. కొందరు సరే అనొచ్చు కూడా. లాంజిగఢ్‌లో ఏం జరిగింది? తవ్వకానికి అనుమతి రాకుండానే వేదాంత కంపెనీ కొండ కింద రిఫైనరీ కట్టేసింది. వాళ్ల జవాబుతో పనిలేదనే కదా!

మావయ్య: ఇన్నేళ్లయింది, మనసులు మారి ఉండొచ్చు. మళ్లీ అడిగితే తప్పేంటి?

మేనల్లుడు: 2016లోనే మళ్లీ సభలు కావాలని ఒడిశా ప్రభుత్వం కోర్టుకెళ్లింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గనికి సరేనన్న ఊరికి పదేళ్లకి ఎవరైనా వెళ్లి, మనసు మారిందా అని అడిగారా మావయ్యా?

మావయ్య: అడగలేదు. అడగరు. అయినా కరెంటు తీగకి అల్యూమినియం కావాలి, అది ఎక్కణ్ణుంచి తేవాలో చెప్పు.

మేనల్లుడు: ఎంత కావాలో, దేనికి వాడాలో, పాతది ఎంత కరిగించాలో మనం తేల్చుకుందాం. వాడేది మనం కదా.