హాన్‌కి ఇచ్చారు సరే, మైట్నర్ మాటేమిటి?

మావయ్య డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు, మేనకోడలు ఇప్పుడు ఫిజిక్స్ చెబుతోంది. యురేనియం కేంద్రకం రెండుగా చీలుతుందని, అంటే కేంద్రక విచ్ఛిత్తిని కనిపెట్టినందుకు 1944 కెమిస్ట్రీ నోబెల్ ఒట్టో హాన్ ఒక్కడికే ఇచ్చారు. ఆయనతో 30 ఏళ్లు కలిసి పనిచేసిన లీజె మైట్నర్‌కి ఇవ్వలేదు. తగువు దాని మీదే.

మావయ్య: ఇందులో అంత ఆవేశపడేదేముందే? ప్రైజు కెమిస్ట్రీది, పని చేసింది కెమిస్టులు. 1938 డిసెంబరులో బెర్లిన్ ల్యాబులో ఉన్నది హాన్, ఆయన తోటి కెమిస్టు స్ట్రాస్‌మన్. మైట్నర్ స్వీడన్‌లో ఉంది. పేపర్ మీద ఆవిడ పేరు లేదు. కమిటీ పేపర్ చూస్తుంది గానీ పాత స్నేహాలు చూడదు కదా.

మేనకోడలు: స్వీడన్‌లో ఎందుకుందో అది కూడా చెప్పు మావయ్యా.

మావయ్య: ఆవిడది ఆస్ట్రియా, దాన్ని హిట్లర్ మింగేశాడు, యూదు కుటుంబంలో పుట్టింది కాబట్టి ఆవిడ పారిపోవాల్సి వచ్చింది. అది హిట్లర్ పాపం. కమిటీది కాదు, హాన్‌ది అసలే కాదు. వెళ్లే ముందు, దారిలో అవసరపడితే అమ్ముకోమని వాళ్లమ్మ వజ్రపుటుంగరం తీసి ఇచ్చినవాడు హాన్.

మేనకోడలు: ఇచ్చాడు, కాదనను. 1938 జూలై 13న డిర్క్ కోస్టర్ అనే డచ్చి ఫిజిక్స్ ప్రొఫెసర్ వచ్చి ఆవిడని రైల్లో సరిహద్దు దాటించి హాలండ్ చేర్చాడు. అప్పటికి ఆవిడకి దాదాపు 60 ఏళ్లు, పర్సులో 10 మార్కులు. కానీ నువ్వు కథని 1938 డిసెంబరులో మొదలుపెడుతున్నావు, అక్కడే నాకు అభ్యంతరం. 1907 నుంచి మొదలుపెట్టు. వియన్నాలో డాక్టరేట్ చేసి బెర్లిన్ వస్తే, ఎమిల్ ఫిషర్ ఇన్‌స్టిట్యూట్‌లోకి ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు. నేలమాళిగలో ఒకప్పుడు వడ్రంగి పని జరిగిన గది ఒకటి ఉంది, దానికి వేరే తలుపుంది, అక్కడ పని చేసుకో, పైన ల్యాబుల్లోకి మాత్రం రావద్దన్నారు. ఆడవాళ్లకి టాయిలెట్ లేదు, దగ్గర్లో ఉన్న హోటల్‌కి వెళ్లి రావాలి. జీతం లేదు, ఇంటి నుంచి పంపే డబ్బులతో నెట్టుకొచ్చింది. అలాంటి చోట మొదలుపెట్టి 1917కల్లా కైజర్ విల్‌హెల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సొంతంగా ఒక ఫిజిక్స్ విభాగం సంపాదించుకుంది. 1918లో హాన్, ఆవిడ కలిసి ప్రొటాక్టీనియం అనే మూలకాన్ని కనిపెట్టామని ప్రకటించారు. అది యుద్ధకాలం, హాన్ ఎక్కువగా సైన్యంలో ఉన్నాడు, పని చాలావరకు ఆవిడే చేసింది. మరి పేపర్ మీద ఎవరి పేరు ముందుంది? హాన్‌ది. ల్యాబులో లేడు కదా అని ఆవిడ ఆయన పేరు తీసేయలేదు.

మావయ్య: ఊఁ. ఇది బాగానే చెప్పావు. కానీ 1938లో ఆయన ఆవిడ పేరు పెడితే ఏమయ్యేదో ఆలోచించు. నాజీ జర్మనీలో, పారిపోయిన యూదు స్త్రీ పేరుతో పేపరా? ఉద్యోగం పోయేది, ఇంకేమైనా పోయేది.

మేనకోడలు: అప్పుడు పెట్టలేకపోయాడు, ఒప్పుకుంటాను. యుద్ధం అయ్యాక ఏమడ్డొచ్చింది?

మావయ్య: ఉండు, దానికి వస్తాను. ముందు ఆ పని ఏమిటో చూడు, ఎందుకంటే మీ ఫిజిక్స్ వాళ్లకి దాని విలువ తెలీదు. యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టాక వచ్చేది కంటికి కనిపించనంత తక్కువ పదార్థం. దాన్ని పట్టుకోవడానికి ద్రావణంలో బేరియం కలిపి, స్ఫటికాలు కట్టించి, వాటితో పాటు బయటికి లాగాలి. అది రేడియం అనుకున్నారు, ఎందుకంటే రేడియం బేరియంతో పాటే వస్తుంది. తర్వాత రెంటినీ విడదీయడానికి మళ్లీ మళ్లీ స్ఫటికాలు కట్టించారు. విడిపోదే! చేతిలోనే ఏదో తప్పుందేమోనని నిజమైన రేడియాన్ని అదే పద్ధతిలో పెట్టి చూశారు, అది శుభ్రంగా విడిపోయింది. అంటే వీళ్ల దగ్గరున్నది రేడియం కాదు, బేరియమే. ఇది చెప్పడానికి ఎంత చెయ్యి తిరగాలి, ఎంత నిజాయితీ కావాలి! ఇంకొకటి. అంతకుముందు నాలుగేళ్లుగా యురేనియం కంటే బరువైన కొత్త మూలకాలు వస్తున్నాయని వరసగా పేపర్లు రాసింది మీ మైట్నర్ కూడా కదా. 1934లోనే ఇడా నొడాక్ అనే జర్మన్ కెమిస్టు, కేంద్రకం పెద్ద ముక్కలుగా పగిలి ఉండొచ్చు, అది కూడా చూడండి అని రాసింది. ఆవిడా ఆడదే. మైట్నర్ ఆ మాట పట్టించుకుందా?

మేనకోడలు: లేదు. ఈ దెబ్బ తగిలింది, దాచుకోను. నొడాక్ మాట ఇటలీ ఫిజిసిస్టు ఫెర్మి పట్టించుకోలేదు, హాన్ పట్టించుకోలేదు, మైట్నరూ పట్టించుకోలేదు. కానీ ఒకే తప్పు ముగ్గురూ కలిసి చేస్తే, ఒప్పు తేలిన రోజున ఆ తప్పు ఆవిడ ఒక్కదాని ఖాతాలో ఎలా వేస్తావు? 1934లో ఈ పనికి హాన్‌ని మళ్లీ లాక్కొచ్చిందే ఆవిడ. దేశం వదిలాక కూడా ఉత్తరాలు ఆగలేదు. నవంబరులో హాన్ కోపెన్‌హాగన్ వెళ్లి ఆవిడని కలిశాడు, ఈ రేడియం సంగతి నమ్మశక్యంగా లేదు, గట్టిగా సరిచూడండి అని ఆవిడ పట్టుబట్టిందని తర్వాత స్ట్రాస్‌మనే చెప్పాడు. నువ్వు ఇందాక వర్ణించిన ఆ పరీక్ష ఉంది చూశావా, అది ఈ మాట తర్వాత జరిగినదే.

ఇక డిసెంబరు 19న హాన్ రాసిన ఉత్తరం. యురేనియం పగిలి బేరియం అవ్వడం కుదరదని మాకూ తెలుసు, నువ్వే ఏదైనా అద్భుతమైన వివరణ చెప్పగలవేమో చూడు అని అడిగాడు. దాన్ని పట్టుకుని క్రిస్మస్ సెలవుల్లో కుంగెల్వ్ అనే ఊళ్లో, అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ స్కీల మీద, ఆవిడ పక్కనే కాలినడకన, మంచులో మాట్లాడుకుంటూ వెళ్లారు. కేంద్రకాన్ని ద్రవబిందువులా ఊహించారు. యురేనియంలో ప్రోటాన్లు ఎక్కువ, వాటి వికర్షణ వల్ల బిందువుని కలిపి ఉంచే తలతన్యత దాదాపు లేనట్టే, చిన్న తాకిడికే బిందువు సాగి, నడుము సన్నబడి, రెండవుతుంది. ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి తోసుకుంటే వచ్చే శక్తి సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అంత శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది? కేంద్రకాల ద్రవ్యరాశి లెక్కలు ఆవిడకి నోటికొచ్చు, కాగితం మీద అక్కడికక్కడే వేసింది. ముక్కలయ్యాక తగ్గే ద్రవ్యరాశి ప్రోటాన్‌లో అయిదో వంతు, ఐన్‌స్టీన్ సూత్రంలో పెడితే అదే 200! ఫ్రిష్ కోపెన్‌హాగన్ వెళ్లి జనవరిలో ప్రయోగం చేసి ఆ ముక్కల్ని పట్టుకున్నాడు. హాన్ పేపర్‌లో బేరియం ఉందని ఉంది, కేంద్రకం చీలిందని నమ్మకంగా చెప్పే ధైర్యం లేదు, ఫిజిక్స్ అనుభవానికంతటికీ విరుద్ధంగా ఉందని వాళ్లే రాసుకున్నారు.

మావయ్య: ఆవిడే ఒక ఉత్తరంలో రాసింది, కెమిస్ట్రీ నోబెల్‌కి హాన్ పూర్తిగా అర్హుడు, అందులో సందేహం లేదని. ఆవిడకి లేని బాధ నీకెందుకు?

మేనకోడలు: వాక్యం మధ్యలో ఆపకు. ఆ ఉత్తరంలోనే, విచ్ఛిత్తి ఎలా జరుగుతుందో తేల్చడంలో నాదీ ఫ్రిష్‌దీ తక్కువ పనేం కాదు అని కూడా రాసింది. మరి 1945 ఆగస్టులో, ఇంగ్లండ్‌లో నిర్బంధంలో ఉన్న జర్మన్ శాస్త్రవేత్తలు రాసిన ప్రకటన సంగతేంటి? మైట్నర్ ఆరు నెలల ముందే బెర్లిన్ వదిలి వెళ్లింది, ఆవిష్కరణలో ఆవిడ పాల్గొనలేదని అందులో ఉంది. హాన్ వాళ్లలో ఒకడు. అప్పుడు హిట్లర్ లేడు కదా! మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంలో ఒక బల్ల పెట్టారు. దాని మీద న్యూట్రాన్ల కోసం పారఫిన్ దిమ్మ, గైగర్ కౌంటర్లు, బ్యాటరీలు, వైర్లు. అవి చాలావరకు ఆవిడ విభాగపు సామాన్లు. ఏళ్ల తరబడి దాని మీద ఏం రాసుందో తెలుసా? ఒట్టో హాన్ పని బల్ల అని.

మావయ్య: స్ట్రాస్‌మన్ పేరు ఉందా? నోబెల్ ఇచ్చారా? ఆ స్ఫటికాలు స్వయంగా కట్టించినవాడు, నాజీ సంఘంలో చేరనని ఉద్యోగావకాశాలు వదులుకున్నవాడు, యుద్ధకాలంలో ఒక యూదు స్త్రీని తన ఇంట్లో దాచినవాడు. మగవాడే. అతనికీ రాలేదు. మరి దీన్ని ఆడదనే అన్యాయం అని ఎలా అంటావు?

మేనకోడలు: ఆడది కాబట్టే అని నేననలేదు. అతనికి రాకపోవడమూ అన్యాయమే, నీతో పాటు నేనూ అంటాను. ఆ స్ట్రాస్‌మనే మా జట్టుకి బుర్ర మైట్నరే అని చెప్పాడు, అది కూడా ఒప్పుకో. నా మాట ఒక్కటే మావయ్యా. తరిమేసిన మనిషిని ల్యాబులో లేదు కదా అని లెక్కలోంచి తీసేయకూడదు. కెమిస్ట్రీ ప్రైజు హాన్‌కి ఉండనీ, ఫిజిక్స్‌లో మైట్నర్‌కీ ఫ్రిష్‌కీ ఇవ్వొచ్చు కదా? నీల్స్ బోర్ అంతటివాడు నామినేట్ చేశాడు. రెండు విభాగాల్లో కలిపి ఆవిడ 50కి దగ్గరగా నామినేషన్లు పొందింది. ఫిజిక్స్ కమిటీలో ఎవరున్నారు? స్టాక్‌హోంలో తన ఇన్‌స్టిట్యూట్‌లో ఆవిడకి ఒక గది ఇచ్చి, సరైన పరికరాలు గానీ మనుషుల్ని గానీ ఇవ్వని సీగ్బాన్.

మావయ్య: సీగ్బాన్ సంగతి నేను సమర్థించను. కానీ చివరికి ఆవిడకే ఎక్కువ దక్కింది. 1966లో ఫెర్మి అవార్డు హాన్, మైట్నర్, స్ట్రాస్‌మన్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. 1997లో 109వ మూలకానికి మైట్నేరియం అని పేరు ఖాయం చేశారు. అదే ఏడు 105వ దానికి హానియం అన్న పేరు పక్కన పెట్టి డుబ్నియం అన్నారు.

మేనకోడలు: హాన్‌కి పోతే నాకేం సంతోషం? ఆయన గొప్ప కెమిస్టే. పైగా మూలకానికి పేరు పెట్టేనాటికి ఆవిడ పోయి 29 ఏళ్లు. నీ మనవడు ఇంటర్లో విచ్ఛిత్తి పాఠం చదువుతున్నాడు, నిన్ను అడిగితే ఏం చెప్పావు? హాన్, స్ట్రాస్‌మన్ అని రెండు పేర్లు. నాలుగూ చెప్పు.

మావయ్య: చెబుతాను. హాన్ పేరే ముందు చెబుతాను.

మేనకోడలు: చెప్పు. ప్రొటాక్టీనియం పేపర్ మీద ఆవిడా అలాగే రాసింది.