భూమిని కాపాడు పని మూడో తరగతికి అప్పగించడమైనది

వాతావరణ మార్పును ఆపే బాధ్యతను మనం మొత్తానికి సరైనవాళ్ళ చేతుల్లోనే పెట్టాం. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు. ఆలోచించి చూస్తే ఇంతకన్నా యోగ్యులు దొరకరు. వాళ్ళ పేరు మీద కరెంటు మీటరు లేదు, కారు లేదు, ఏసీ రిమోట్ చేతికందదు, ఓటు అసలే లేదు. ఏదీ తమ చేతిలో లేనివాళ్ళు ఏం చెప్పినా తల ఊపుతారు. ప్రతిజ్ఞ చేయమంటే చెయ్యి చాపి నిటారుగా నిలబడతారు కూడా. అసెంబ్లీలో ప్రమాణ స్వీకారాలు చూశాను, అంత శ్రద్ధ అక్కడ కనపడలేదు.

ఇది నిన్నమొన్నటి ఏర్పాటు కాదు. 1991లోనే పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు బడుల్లో పర్యావరణం తప్పనిసరిగా నేర్పాలని చెప్పింది. ఆ ఏడాది మూడో తరగతిలో ఉన్నవాళ్ళకి ఇప్పుడు నలభై దాటింది. పాఠం ఎంత బాగా ఒంటబట్టిందంటే, ఒక్క పిల్లాణ్ణి దింపడానికి ఏడు సీట్ల బండిలో వచ్చి, గేటు ముందు ఇంజన్ ఆపకుండా కూర్చుని, లోపల పర్యావరణం సరిగ్గా చెబుతున్నారా లేదా అని వాకబు చేస్తున్నారు. పర్యావరణానికి హాని చేయకుండా బతకమంటూ కేంద్రం 2022లో మొదలుపెట్టిన మిషన్ లైఫ్ వారి 75 పనుల జాబితాలో ఎర్రలైటు దగ్గర ఇంజన్ ఆపాలని కూడా ఉంది. మా అపార్ట్‌మెంటులో ఓ బుడతడు ఈ ముక్క బట్టీపట్టి గడగడా అప్పజెబుతాడు. వాడి సైకిలుకి ఇంజన్ లేకపోవడం ఒక్కటే లోటు.

బోధన సంగతికొస్తే, డ్రాయింగ్ పోటీలే ప్రధానం. గుండ్రంగా భూమి, నోట్లో థర్మామీటరు, నెత్తిన కట్టు, కింద పట్టుకోవడానికి రెండు చేతులు. ఎడమ పక్క ఎండిన చెట్టు, ఫ్యాక్టరీ. కుడి పక్క పచ్చటి చెట్టు, గాలిమర. ఫ్యాక్టరీ ఎవరిదో, అందులో ఏం తయారవుతుందో రాయకూడదు. అది ఊరికే పొగ వదలడానికి కట్టిన ఫ్యాక్టరీ. బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాలున్న రామగుండం, విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం పిల్లలకి ఇందులో కాస్త వెసులుబాటు ఉంది, కిటికీలోంచి చూసి వేసేయొచ్చు. అయితే డాబా మీద పడే బూడిద కూడా వేసేస్తారేమోనని జడ్జీలకి టెన్షన్. పోటీ అంశం విద్యుత్ పొదుపు. బూడిద వేరే శాఖ కిందికి వస్తుంది.

తర్వాత లెక్కలు. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పాలన్నది మొదటి సూత్రం. మంచిదే, నేనూ కాదనను. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చాలంటే సుమారు 111 గంటలు వెలగాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఆ యూనిట్‌ని ముప్పావుగంటలో తాగేస్తుంది. ఆ ఒక్క యూనిట్ వెనక మన దేశంలో సగటున 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే ప్రిన్సిపాల్ గారు ఏసీ గదిలో ఓ తండ్రితో ఫీజు బకాయి గురించి ముప్పావుగంట మాట్లాడితే, ఆ లోటు పూడ్చడానికి నాలుగో తరగతి పిల్లలు 111 గంటలు బల్బు ఆర్పుకుని కూర్చోవాలి. కూర్చుంటారు పాపం. క్లాసులో బల్బంటూ ఉంటే.

చిక్కల్లా పిల్లలు ప్రశ్నలడగడంతోనే వస్తుంది. ఓ నాలుగో తరగతి పాప లేచి, "టీచర్, ఇక్కడ లైటు ఆర్పితే రామగుండంలో బొగ్గు మిగులుతుందా?" అంది. "ముందు నోట్సు రాసుకోమ్మా" అన్నారు టీచరు. వివేకవంతులు. దానికి జవాబు చెప్పాలంటే కరెంటుని బియ్యంలా బస్తాలకెత్తి దాచుకోలేమనీ, ఏ క్షణంలో వాడేది ఇంచుమించు ఆ క్షణంలోనే తయారవ్వాలనీ చెప్పాలి. మిట్టమధ్యాహ్నం కర్నూలు సోలార్ పార్కు లాంటివి, అదొక్కటే 1000 మెగావాట్లు, కొంత భారం మోస్తాయనీ, పొద్దుగూకి జనమంతా ఇళ్ళకి చేరి ఒకేసారి టీవీలు, ఏసీలు వేసేసరికి ఆ భారం ఎక్కువగా బొగ్గు మీదే పడుతుందనీ చెప్పాలి. అది వింటే పగలు పన్నెండింటికి ఆర్పిన లైటూ రాత్రి ఎనిమిదింటికి ఆర్పిన లైటూ ఒకటి కాదని పాపకి అర్థమైపోతుంది. ఇంటికెళ్ళి, "నాన్నా, వాషింగ్ మెషీన్ రాత్రిళ్ళెందుకు, ఆదివారం పగలు వేయొచ్చుగా?" అంటుంది. అక్కడితో ఆగుతుందా? బడి డాబా ఖాళీగా ఎండుతోంది కదా, సోలార్ ప్యానెళ్ళు ఎందుకు పెట్టలేదని నేరుగా ఏసీ గదికెళ్ళి అడుగుతుంది. ఇక అది సైన్సు కాదు, క్రమశిక్షణ సమస్య.

ప్రాక్టికల్స్ లేవని మాత్రం ఎవరూ అనడానికి లేదు. మార్చి సగానికొచ్చేసరికి రెండు రాష్ట్రాల్లోనూ ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున్నంతా చల్లగా కూర్చోబెట్టి, పన్నెండున్నరకి సూర్యుడు నడినెత్తికి వచ్చాడని ఖాయం చేసుకున్నాక పిల్లల్ని వదులుతారు. రేకుల షెడ్డులో చదివేవాళ్ళకి ఆ కాస్త ప్రయాణం కూడా అక్కర్లేదు, ప్రయోగశాల అక్కడే ఉంది. 2015 వేసవిలో వడగాడ్పులకి దేశంలో రెండు వేలమందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్ళే. ఈ సంగతి నేను ఏ చార్టు మీదా చూడలేదు. చార్టు మీద ఎప్పుడూ ధ్రువపు ఎలుగుబంటే ఉంటుంది. చిన్న మంచుముక్క మీద నిలబడి, నల్లగొండ పిల్లల వంక జాలిగా చూస్తూ.

ఇలా చిన్నప్పట్నుంచీ పొదుపు, పొదుపు అని పలవరించిన పిల్లాడు సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతికి చేరాడనుకోండి. ఆ బడుల పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వారు సిలబస్ భారం తగ్గించే సందర్భంలో పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి శక్తి వనరుల అధ్యాయాన్నే ఎత్తేశారు. లోకమంతా ఇంధనాన్ని పొదుపు చేయడానికి తంటాలు పడుతుంటే, మనం ఇంధనాల పాఠాన్నే పొదుపు చేసి చూపించాం.

కింది తరగతుల్లో మాత్రం ఉత్సాహం తగ్గలేదు. డిసెంబరు 14 జాతీయ ఇంధన పరిరక్షణ దినం. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది: రేపు పిల్లలందరూ గాలిమర మోడల్ తేవాలి, గ్రీన్ డ్రెస్ తప్పనిసరి. క్షణాల్లో వీధిలో బైకులన్నీ స్టార్ట్ అవుతాయి. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. మా సందు చివర స్టేషనరీ షాపాయన చట్టం తెలిసిన మనిషి. తండ్రుల గుంపుని ఒకసారి చూసి, మొహం గంభీరంగా పెట్టి, "థర్మాకోలా? అది బ్యాన్ కదండీ" అన్నాడు. ఆ తర్వాత కౌంటరు కిందికి వంగుతూ అడిగాడు.

"పెద్ద షీటా, చిన్న షీటా?"