నచ్చకపోతే లేచి వెళ్లండి, ఆపకండి

మన ఒడిశా బరంపురంలో పట్టు నేసే కుటుంబానికి చెందిన కుర్రాడొకడు వాళ్ల తాతగారి మగ్గం చప్పుడుతో పావుగంట సంగీతం కట్టాడు. నేను విన్నాను. పోగుని మోసే నాడె ఇటు నుంచి అటు పరుగెత్తడం, ఆ పోగుని నొక్కే పలక దబ్బున పడటం, పోగు తెగితే తాతగారి చేయి ఆగిపోవడం. ఆ ఆగిన చోటే కుర్రాడు బాగా సాగదీశాడు. మొదట చిరాకేసింది. కాసేపటికి, పలక మళ్లీ ఎప్పుడు పడుతుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఉగాదికి వినిపిస్తానని వెళ్తే ఒక తెలుగు సంఘం వాళ్లు "ఇది పాటేనా బాబూ? అందరికీ తెలిసిందేదైనా పాడు" అని పంపేశారు.

1948లోనే పారిస్‌లో పియరీ షెఫర్ రైళ్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటినే మార్చి కూర్చి రేడియోలో వినిపించాడు. మన బాలమురళీకృష్ణగారి లవంగి రాగంలో ఉన్నవి నాలుగే స్వరాలు. రాగానికి కనీసం ఐదుండాలన్న లెక్కకి అది అందదు. విమర్శలు వచ్చాయి, ఆయన పాడుతూనే ఉన్నారు. విమర్శ తట్టుకోవచ్చు. వేదికే లేకుండా చేస్తే ఏం చేస్తాం? 1936లో సోవియట్ పత్రిక ప్రావ్దా సంగీతకర్త షోస్టకోవిచ్ ఒపేరాని తిట్టిపోసింది. స్టాలిన్ పేరు చెబితే వణికే రోజులు. ఆ ఏడాది చివర్లో, రిహార్సల్స్ జరుగుతున్న తన నాలుగో సింఫనీని ఆయన వెనక్కి తీసుకున్నారు. జనం దాన్ని వినేసరికి 1961 వచ్చింది.

మన కమిటీల పెద్దలు అలాంటివాళ్లు కారు. వాళ్ల భయం నాకు తెలుసు, నాకూ ఉంది. ఒడిశా ఏర్పడింది కూడా 1936లోనే. అప్పటి నుంచి ఇటువైపు ఉండిపోయిన మనకి, ఉన్న తెలుగు కాస్తా జారిపోతుందేమోనని బెంగ. అందుకే తెలిసిన పద్యం, తెలిసిన కీర్తన పట్టుకుని కూర్చుంటాం. కానీ బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో మన పిల్లలకి తెలుగు వేదికలు ఎన్నున్నాయని? సంఘం వద్దంటే, వాడు ఏ బెంగళూరో పోయి తన పని ఇంగ్లీషులో చేసుకుంటాడు. మనం కాపాడదామనుకున్న తెలుగు అక్కడే పోతుంది.

వచ్చే ఉగాదికి ఒక్క అరగంట ఇలాంటివాళ్లకి ఇవ్వండి. ముందుగా వినిపించమని అడగొద్దు. ఇది కొత్త రకం సంగీతమని మైకులో ఒక మాట చెప్పండి చాలు. ఇష్టం లేనివాళ్లు బయటికెళ్లి టీ తాగి రావచ్చు, ఆ స్వేచ్ఛ వాళ్లది. అయ్యాక కుర్రాణ్ణి నిలబెట్టి గట్టిగానే అడగండి. జవాబు వాడే చెప్పుకుంటాడు.