వార్తకు చిరునామా ఏది?

కొత్త విషయమేదైనా చెప్పిన మనిషిని ఎక్కడ చూశావని అడిగి చూడండి. 'ఫోన్‌లో వచ్చింది' అంటారు. గుచ్చి గుచ్చి అడిగితే 'ఎవరో పంపారు', ఇంకా అడిగితే 'ఎక్కడో చూశానండీ, గుర్తులేదు'. ఒకప్పుడు ఫలానా పేపర్లో పడిందనో, రాత్రి రేడియో వార్తల్లో చెప్పారనో జవాబు వచ్చేది. పేపర్లో పడినంత మాత్రాన అది నిజమైపోదు. కానీ అబద్ధమని తేలితే ఎవరిని నిలదీయాలో తెలిసేది. జనం రోజువారీ వార్తలను ఎక్కడ చూడటానికి ఇష్టపడుతున్నారన్న చర్చ ఎప్పుడు లేచినా కాగితమా, తెరా అన్న దగ్గరే తిరుగుతోంది. ఒక పత్రికగా మాకు ఆ పోటీ మీద పెద్దగా ఆసక్తి లేదు. మా బెంగల్లా, వార్త తప్పని తేలితే దాన్ని ఎవరు, ఎక్కడ దిద్దుతారన్నదే.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ జనం వార్తలు ఎక్కడ చూస్తున్నారన్న దాని మీద ఏటా పలు దేశాల్లో సర్వే చేస్తోంది. ఆన్‌లైన్‌లో వార్తల కోసం ముందుగా వార్తాసంస్థల సైటుకో, యాప్‌కో నేరుగా వెళ్తామన్నవారు 2018లో 32 శాతం. 2023కి 22 శాతమే మిగిలారు. 2025 నివేదిక ప్రకారం అమెరికాలో సోషల్ మీడియా, వీడియో వేదికల ద్వారా వార్తలు చూసేవారు (54 శాతం) టీవీలో చూసేవారిని (50 శాతం) దాటేశారు. అంటే వార్త ఇంటికి మనం వెళ్లడం తగ్గింది. పెళ్లి ఫొటోలు, హాస్యపు వీడియోలు, అమ్మకపు ప్రకటనల మధ్య నుంచి వార్తే మన దగ్గరికి వస్తోంది. దాన్ని ఎవరు పంపారు, ఎందుకు ముందు పెట్టారు అన్నది మనకు కనబడదు. దీన్ని ఇష్టం అనాలా, అలవాటు అనాలా అని మాకు అనుమానం.

ఈ మాట ఒక పత్రిక అంటోంది కాబట్టి పాఠకులు కాస్త అనుమానంగానే చదవాలి. కొత్తగా వచ్చిన ప్రతి మాధ్యమాన్నీ పత్రికలు శత్రువులాగే చూశాయి. 1922లో బ్రిటన్‌లో బీబీసీ పుట్టినప్పుడు సాయంత్రం ఏడు గంటల లోపు వార్తలు చదవకూడదని ఆంక్ష పెట్టించింది పత్రికలూ, వార్తా ఏజెన్సీలే. 1926 సార్వత్రిక సమ్మెలో పత్రికలు ఆగిపోతే తప్ప ఆ ఆంక్ష సడలలేదు. అమెరికాలో ఇంకా విడ్డూరం. 1933 చివర కుదిరిన ఒప్పందంలో రేడియోకు దక్కింది రోజుకు రెండు బులెటిన్లు, ఒక్కోటి ఐదు నిమిషాలు. అదీ పొద్దుటి పేపరూ సాయంత్రం పేపరూ జనం చేతికి అందాక. ఆ కట్టడి ఎన్నాళ్లో నిలవలేదు. నిలవకపోవడమే మేలైంది. కాబట్టి పాత రోజులే బంగారమని వాదించే ఉద్దేశం మాకు లేదు.

అయితే పేపరు అలవాటు గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. 1945 జూలైలో న్యూయార్క్‌లో పత్రికల పంపిణీ సిబ్బంది 17 రోజులు సమ్మె చేశారు. మేయర్ లగార్డియా పిల్లల కోసం కార్టూన్ కథలను రేడియోలో చదివి వినిపించిన సందర్భం అదే. ఆ రోజుల్లో బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు, పేపరు రాకపోతే మీకు ఏం లోటు అని పాఠకులను అడిగించాడు. లోకంలో ఏం జరుగుతోందో తెలియడం లేదని దాదాపు అందరూ అన్నారు. సరే, ఏ వార్త తెలియక ఇబ్బందిపడ్డారంటే ఎక్కువమంది తేల్చి చెప్పలేకపోయారు. వాళ్లకు లోటనిపించింది వార్త కన్నా ఆ కాసేపటి చదువు, అది అయిపోయాక ఇవాళ్టికి లోకం తెలిసిందన్న తృప్తి. పేపరుకు చివరి పేజీ ఉంది. బులెటిన్‌కు ముగింపు ఉంది. ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ పోయేదానికి చివర అంటూ లేదు. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్వేల్లో, వార్తలను అప్పుడప్పుడో తరచుగానో తప్పించుకు తిరుగుతున్నామన్నవారు 2017లో 29 శాతం ఉంటే 2024లో 39 శాతానికి చేరడానికి ఈ తెగని వరస కూడా ఒక కారణమని మా అనుమానం.

మాకు అంతకన్నా పెద్దదిగా తోస్తున్న బెంగ దిద్దుబాటు గురించి. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయంలో రాబర్ట్ గాడర్డ్ అనే శాస్త్రవేత్తను వెక్కిరించింది. గాలి లేని చోట రాకెట్ పనిచేయదు, బడిపిల్లలకు తెలిసిన భౌతికశాస్త్రం ఈయనకు తెలియదు అన్నది ఆ రాతల సారాంశం. 1969 జూలై 17న, అపోలో-11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు, అదే పత్రిక తన తప్పు ఒప్పుకుని చింతిస్తున్నామని అచ్చువేసింది. 49 ఏళ్లు పట్టింది. గాడర్డ్ కన్నుమూసి అప్పటికి దాదాపు 24 ఏళ్లు. ఆలస్యానికి నవ్వుకోవచ్చు. కానీ తప్పు ఎక్కడ పడిందో, ఎవరు రాశారో తెలుసు కనుకనే అన్నేళ్ల తర్వాతైనా అక్కడే దిద్దడం సాధ్యమైంది. చేతులు మారుతూ వచ్చిన సందేశానికి ఆ సౌకర్యం ఎక్కడుంది? మొదట పంపినవాడెవడో తెలియదు. మనం ఎవరెవరికి పంపామో మనకే గుర్తుండదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ నిలకడే కరవైంది. ట్విటర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన వార్తలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిజం కన్నా అబద్ధాన్ని జనం మళ్లీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. అందులో వాటంతట అవే సందేశాలు పెట్టే యంత్ర ఖాతాల పాత్ర కన్నా మనుషుల పాత్రే ఎక్కువ. అబద్ధంలో కొత్తదనం ఉంటుంది. సవరణలో ఏముంటుంది, ఆశ్చర్యపడటానికి?

పైగా ఆ వేదికలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది మరో చిక్కు. వార్తలకుగాను వార్తాసంస్థలకు డబ్బు చెల్లించాలని 2023 జూన్‌లో కెనడా చట్టం చేస్తే, చెల్లించే బదులు ఫేస్‌బుక్ యాజమాన్య సంస్థ మెటా ఆగస్టు నుంచి ఆ దేశంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలనే కనబడకుండా చేసింది. అదే నెలలో ఉత్తర కెనడాలోని ఎల్లోనైఫ్ నగరం వైపు కార్చిచ్చు ఎగబాకింది. సుమారు 20 వేల మంది ఊరు ఖాళీ చేస్తున్న వేళ, ఏ దారి తెరిచి ఉందో చెప్పే వార్తల లింకును ఫేస్‌బుక్‌లో పంచుకోవడం కుదరలేదు. ఆ గొడవలో కంపెనీది తప్పా, ప్రభుత్వానిదా అన్నది వేరే చర్చ. ఇద్దరి పంతం మధ్య నలిగింది మాత్రం, తమ వార్తలు అక్కడే దొరుకుతాయని నమ్ముకున్నవారు.

ఇప్పుడు ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే ఏఐ చాట్‌బాట్లు వచ్చాయి. వారానికోసారైనా వాటిని వార్తల కోసం అడిగేవారు 7 శాతం, 25 ఏళ్లలోపు వారిలో 15 శాతం అని 2025 రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ నివేదిక చెబుతోంది. ఒకే ప్రశ్నకు మీకొక జవాబు, పక్కవారికి మరొక జవాబు రావచ్చు. అందులో తప్పుంటే సవరణ ఎక్కడ వేయాలి? అచ్చైన ప్రతి అంటూ ఉంటే కదా.

ముందు మా ఇల్లు చక్కబెట్టుకోవాలి. మొదటి పేజీలో పెద్దక్షరాలతో పడిన తప్పుకు లోపలి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో సవరణ వేసే దురలవాటు పత్రికల్లో పాతుకుపోయింది. వెబ్‌సైట్లలోనైతే చడీచప్పుడు లేకుండా వాక్యం మార్చేసి ఊరుకోవడం ఇంకా సులువు. తప్పు ఏ పేజీలో పడితే సవరణ ఆ పేజీలోనే పడాలి. ఆన్‌లైన్ కథనంలో ఏం మార్చామో, ఎప్పుడు మార్చామో పైనే కనబడాలి. ఇది చేయని పత్రికకు, మాతో సహా, ఫోన్ చూసుకునే పాఠకుణ్ని తప్పుపట్టే అర్హత లేదు.

వేదికలను అడగాల్సింది కూడా ఇదే. ఎవరు ఏ వీడియోను ఎన్ని సెకన్లు చూశారో లెక్కగట్టి ప్రకటనలు అమ్ముకునేవారికి, అబద్ధమని తేలిన వార్తను ఎవరెవరు చూశారో తెలియదంటే నమ్మేదెలా? కొవిడ్ తొలి నెలల్లో, 2020 ఏప్రిల్‌లో, ప్రమాదకరమైన తప్పుడు సమాచారానికి లైక్ కొట్టినవారికి, వ్యాఖ్య రాసినవారికి సరైన వివరాల వైపు దారి చూపే సందేశం చూపిస్తామని ఫేస్‌బుక్కే ప్రకటించింది. మహమ్మారి వేళ వీలైన పని మామూలు రోజుల్లో ఎందుకు వీలుకాదో ఆ కంపెనీలు చెప్పాలి. ప్రభుత్వాలు కూడా ఏది నిజమో తేల్చే పెత్తనం కోసం పాకులాడకుండా, తప్పుడు కబురు చేరిన ప్రతి ఫోన్‌కూ దాని సవరణ చేరిందా లేదా అన్న లెక్క అడిగితే చాలు.