హాస్యరస పరిరక్షణకు ఒక విన్నపం

తెలుగు సినిమాకు ముంచుకొస్తున్న ముప్పు గురించి హెచ్చరించడం బాధ్యత గల ప్రేక్షకుడిగా నా ధర్మం. కొందరు రచయితలు హిజ్రా పాత్రనో, మగవాణ్ణి ప్రేమించే మగవాడి పాత్రనో మనిషిలా రాస్తామని బయలుదేరారు. ఆ పాత్రకు ఉద్యోగం ఉంటుందట, ఇంటి అద్దె ఉంటుందట, పెళ్లెప్పుడని అమ్మ పోరు కూడా ఉంటుందట. పైగా శుభం కార్డు దాకా బతికే ఉంటుందట!

మన పద్ధతి ఎంత పొదుపైనదో వీళ్లకు తెలియదు. చప్పట్లు కొడుతూ ఒక గుంపు రావాలి. హీరో పక్కనుండే లావుపాటి స్నేహితుడి బుగ్గ గిల్లాలి. అతడు జేబు పట్టుకుని పరుగెత్తాలి. హాలంతా గొల్లున నవ్వాలి. దీనికి కథ అక్కర్లేదు, సంభాషణలు అక్కర్లేదు, ఆ గుంపులో ఎవరికీ పేరు కూడా అక్కర్లేదు. ఇంత చవకైన హాస్యం మానేయమంటే నిర్మాత ఏమైపోవాలి?

మన సంస్కృతి ఒప్పుకోదని వాదిద్దామనుకున్నాను. అక్కడే చిక్కొచ్చిపడింది. వానలు పడకపోతే మన ఊళ్లలో విరాటపర్వం చదివిస్తారు. తీరా చూస్తే అందులో అర్జునుడు గాజులు తొడుక్కుని, బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పుతుంటాడు. 'నర్తనశాల'లో ఆ వేషం కట్టింది సాక్షాత్తూ ఎన్టీఆర్. ఇక రంగస్థలం మీద సత్యభామగా వెలిగిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. చివరికి ఒక సూత్రంతో సర్దుకున్నాను: వేషమైతే పద్మశ్రీ, బతుకైతే వెకిలి నవ్వు. సంస్కృతి జోలికి ఇంతకు మించి వెళ్లడం మన వాదానికి క్షేమం కాదు.

చట్టం మీద ఆశ పెట్టుకునే రోజులూ పోయాయి. స్వలింగ ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి నిఘా పెట్టమన్న నిజాం కాలపు 1919 నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. కాబట్టి మనకు మిగిలిన ఆఖరి ఠాణా ఆ కామెడీ సీనే. దాన్నీ ఎత్తేస్తే ఎలా?

మొన్న మా అక్క కొడుకును సినిమాకు తీసుకెళ్లాను. ఇంటర్ చదువుతున్నాడు, నవ్వడం మొదలుపెడితే ఆపలేం. సరిగ్గా ఆ బుగ్గ గిల్లే సీను రాగానే వాడు పాప్‌కార్న్ పొట్లంలోకి తల దించాడు. నేను మోచేత్తో పొడిచి మరీ తెర చూపించాను. మా అక్కయితే కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. వాడు ఆమె వంక ఒకసారి చూసి, తలనొప్పి అంటూ లేచిపోయాడు. సెకండాఫ్ అంతా బయట స్కూటర్ దగ్గరే నిలబడ్డాడట.

నూట యాభై రూపాయల టికెట్. ఈ కాలం పిల్లలకు హాస్యం విలువ తెలియదు.