మలయా మనం "నాగరికం చేసిన" అడవి కాదు

మలయా గురించిన (అంటే ఇప్పటి మలేషియా ఉన్న ద్వీపకల్పం) ఈ ఫార్వర్డ్ రావడం ఈ నెలలో ఇది మూడోసారి. మొదట మా బాబాయి పంపాడు, తర్వాత కాలేజీ గ్రూపులో వచ్చింది, నిన్న మళ్ళీ మా పెద్దమ్మ కొడుకు. "రెండు వేల ఏళ్ళ కిందట మలయా అంతా అడవి. మన తెలుగు నావికులు వెళ్ళి అక్కడి ఆటవికులకు వ్యవసాయం, ఓడలు, లిపి నేర్పారు. చోళులు మూడొందల ఏళ్ళు ఏలారు. మలయా అన్న పేరే మనది. గర్వంగా షేర్ చేయండి." ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేశాను. ఇక నా వల్ల కాదు.

పేరు సంగతి రెండు ముక్కల్లో. కొండ అని అర్థమున్న మన "మల"తో దాన్ని కలిపేవాళ్ళున్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఏది నిజమైనా, పేరు పోలినంత మాత్రాన నేల మనదైపోదు.

రాజేంద్ర చోళుడు 1025లో ఓడలతో వెళ్ళి కడారాన్ని, అంటే ఇప్పటి మలేషియాలోని కెడాను కొట్టింది నిజమే. సుమత్రా కేంద్రంగా ఆ సముద్రాలను ఏలిన శ్రీవిజయ రాజ్యపు రాజు సంగ్రామ విజయోత్తుంగవర్మను పట్టుకున్నానని తంజావూరు గుడిలో చెక్కించుకున్నాడు కూడా. అది దండయాత్ర. మూడొందల ఏళ్ళ ఏలుబడి ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతకు ఇరవై ఏళ్ళ ముందే శ్రీవిజయ రాజులు నాగపట్నంలో బౌద్ధ విహారం కట్టించుకుంటే, రాజేంద్రుడి తండ్రి రాజరాజు దానికి ఆనైమంగలం ఊరి ఆదాయం రాసిచ్చాడు. మరి నాగపట్నం వాళ్ళ వలస రాజ్యమా?

నాకు అసలు మండింది "ఆటవికులు" అన్న మాట దగ్గర.

మలేషియాలోని పేరక్ రాష్ట్రంలో, లెంగాంగ్ లోయ గుహలో సుమారు పది వేల ఏళ్ళ నాటి మనిషి అస్థిపంజరం దొరికింది. అతని ఎడమ చెయ్యి పుట్టుకతోనే సరిగా ఎదగలేదు. వేటాడి బతికే కాలంలో, అలాంటి చేత్తో, నడివయసు దాకా బతికాడు. చనిపోయాక కాళ్ళు ముడిచి, పక్కన రాతి పనిముట్లు పెట్టి జాగ్రత్తగా పూడ్చారు. బతికినన్నాళ్ళూ ఎవరో చూసుకున్నారు కాబట్టే అది జరిగింది. వీళ్ళకు మనం నాగరికత నేర్పామా?

వరి కూడా మన ఓడల్లో వెళ్ళలేదు. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి, నేల మీదుగా వచ్చిన రైతులు తెచ్చారు. అక్కడి సెమాయ్, తెమియార్ జనాల భాషలు బర్మా వైపు మోన్, కంబోడియా ఖ్మేర్ భాషల కుటుంబానివి. మన శ్రీకాకుళం కొండల్లోని సవరల భాష కూడా ఆ కుటుంబందే! ఆ కుటుంబం తూర్పు నుంచే ఇటు వచ్చిందని చాలామంది పరిశోధకులు చెబుతారు. బంధుత్వం వెతికితే, రాక అటు నుంచి ఇటు కనిపిస్తోంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళలో ఎంతమందికి సవరల ఊరు ఒక్కటైనా తెలుసు?

ఓడలు నేర్పామన్నది మరీ ఘోరం. ఆ సముద్రాల జనం హిందూ మహాసముద్రం దాటి మడగాస్కర్‌లో స్థిరపడ్డారు. అక్కడి భాషకు దగ్గరి చుట్టం ఇవాళ్టికీ బోర్నియోలో ఉంది. వాళ్ళకు మనం తెడ్డు పట్టడం నేర్పామట.

లిపి దగ్గర ఒప్పుకుంటాను, అది దక్షిణ భారతం నుంచే వెళ్ళింది. అయితే మలయాలో దొరికిన 5వ శతాబ్దపు శాసనంలోని మహానావికుడు బుద్ధగుప్తుడు బెంగాల్ వాడు. అదే ద్వీపకల్పంలో, ఇప్పటి థాయ్‌లాండ్‌లో ఉన్న తకువాపాలోది తమిళ శాసనం.

ఇంతా రాశాక ఒక నిజం దాచలేను. ఫార్వర్డ్ మొత్తం గాలి కబురని తేల్చేద్దామనే మొదలుపెట్టాను. కానీ 2వ శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలెమీ పుస్తకంలో "బంగారు ద్వీపకల్పం", అంటే మలయా వైపు వెళ్ళే ఓడలు తీరం వదిలే చోటు మైసోలియాకు ఆనుకునే ఉంది. మైసోలియా అంటే మన కృష్ణా తీరం. కృష్ణా జిల్లా ఘంటసాల ఊళ్ళోని ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. మనవాళ్ళు వెళ్ళారు. పూసలు, బట్టలు అమ్ముకున్నారు, కొందరు అక్కడే ఉండిపోయి ఉంటారు. సరుకు పట్టుకుని వచ్చినవాణ్ణి ఆ ఊరు రానిచ్చింది, గాలి తిరిగేదాకా ఉండనిచ్చింది. నాకు గర్వంగా అనిపించేది ఇదే.

మా కుటుంబ గ్రూపులో మలేషియా చుట్టాలూ ఉన్నారు. వాళ్ళ ముత్తాత తెల్లవాళ్ళ కాలంలో రబ్బరు తోటలో కూలీగా వెళ్ళాడు. వాళ్ళ పిల్లలు మలయ్ పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. బాబాయ్, "ఆటవికులు" అన్న ఆ మెసేజ్ ఆ పిల్లల ఫోన్లలోకీ వెళ్తోంది. గ్రూపులోంచి తీసెయ్యి.